ఏడు కిలోల సీసం

చనిపోయే ముందు డైవర్ చేయాల్సిన ఆఖరి పని మధు సరిగ్గానే చేశాడు. నడుముకున్న వెయిట్ బెల్ట్ బకిల్ విప్పి వదిలేశాడు. ఆరు కిలోల సీసం ఉన్న ఆ బెల్టు అతని శవానికి రెండు గజాల దూరంలో, జలాశయం అడుగున బురదలో దొరికింది.

అయినా అతను పైకి రాలేదు.

జగిత్యాల బస్టాండు ఎదురుగా ఉన్న బిల్డింగ్ మెట్లు ఎక్కుతున్నప్పుడు మనోహర్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు. రెండో అంతస్తులో గల్ఫ్ వీసాల ఆఫీసు. గోడ మీద విమానం బొమ్మ. బెంచీల మీద పాస్‌పోర్టులు పట్టుకుని పదిమంది. మనోహర్ వాళ్ళను దాటుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

"దమ్మాంకు డ్రైవర్ వీసా ఉన్నదా?"

"డ్రైవర్‌ది అయిపోయింది. ఖర్జూర తోటల పని ఉన్నది."

"తోట పనికి నా నడుం సహకరించది."

కౌంటర్‌లోని మనిషి తలెత్తకుండానే లోపలి తలుపు వైపు పెన్ను చూపించాడు.

లోపల ఊర్మిల కూర్చుని ఉంది. జగిత్యాలలో ఆమె వీసా మేడం. ఢిల్లీలో పేరు లేని ఒక ఆఫీసుకు మాత్రం సౌత్ డెస్క్ చీఫ్. కూర్చోమని కూడా అనకుండా పదకొండు ఫోటోలు బల్ల మీద పరిచింది.

అన్నీ మధువి: శవం, బురదలో దొరికిన బెల్టు, జాకెట్. మధుకు నీళ్ళలోకి దిగడం నేర్పింది అతనే. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య పుట్టి, నేవీలో తొమ్మిదేళ్ళు బాంబులు తీసే డైవర్‌గా పనిచేసి, ఈ బ్యూరోలోకి వచ్చినవాడు మనోహర్. ఆ తొమ్మిదేళ్ళలో నేర్చుకున్నదంతా మధుకు పోశాడు.

"కంపెనీ ఏమో డైవర్ భయపడ్డడు అంటున్నది," అంది ఊర్మిల. "నీళ్ళు మింగి సచ్చిండని డాక్టర్ రాసిండు. నువ్వేమంటవ్?"

మనోహర్ బెల్టు ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. "సూట్ ఎంత మందం?"

"ఐదు మిల్లీమీటర్లు."

"మనిషి డెబ్బై రెండు కిలోలు. మంచినీళ్ళు. అల్యూమినియం సిలిండర్. ఆరు కిలోల సీసం కరెక్టుగ సరిపోతది మేడం, గంతే కట్టుకున్నడు. గా ఆరు విడిచినంక మనిషి అడుగున ఉండడు. సూట్ రబ్బరే పైకి గుంజుకపోతది."

"మరి?"

"ఇంకేదో పట్టి ఉంచింది. బెల్టు కానిది, ఉన్నదని వానికి తెల్వనిది." ఒక ఫోటో మీద వేలు పెట్టాడు. "గీ సిలిండర్ మోసే గాలి జాకెట్ వాని ఒంటి మీద ఉన్నదేనా?"

"బాడీని తీసేటప్పుడు విప్పినమని కంపెనీవాళ్ళే ఇచ్చిన్రు."

"దీని మడతలే పోలేదు మేడం. ఇది నీళ్ళు చూడనే లేదు."

ఊర్మిల ఫోటోలు ఒక్కొక్కటే సర్దింది. తర్వాత గబగబా చెప్పేసింది. సిరిసిల్ల అవతల గుండ్లవాడ జలాశయం. అందులో వలల పంజరాలు దింపి చేపలు పెంచే కంపెనీ ఒకటి. ఓనర్ విక్టర్, మూడు దేశాల పాస్‌పోర్టులు, మూడింటిలోనూ మూడు పుట్టిన తేదీలు. జలాశయం గట్టు కింద కొత్త అండర్‌గ్రౌండ్ పంప్‌హౌస్ ఉంది. శనివారం పదకొండు గంటలకు దాని ట్రయల్ రన్. ఆ సమయానికి నీటి అడుగునున్న గేటును పేల్చాలని విక్టర్ ప్లాన్. గేటు పోతే జలాశయం మొత్తం పంప్‌హౌస్‌లోకి దూకుతుంది.

"లోపల ఎంతమంది ఉంటరు?"

"రెండు వందల పద్నాలుగు."

"ఖాళీ చేపియ్యరాదు?"

"ఖాళీ చేస్తే విక్టర్‌కు తెలుస్తది. బాంబు ఎక్కడ దాచిండో మనకు తెల్వది. ఇక్కడ కాకపోతే ఇంకో ఊర్ల పెడ్తడు. శనివారం బాంబు పడవల్నే బయటికి అస్తది. అది వాని చెయ్యి దాటి నీళ్ళలకు దిగినంకనే వాన్ని పట్టాలె, కింద నువ్వు దాన్ని ఆపాలె." ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "వాళ్ళ దగ్గర డైవర్ వేషంల పెట్టిన మధు పోయిండు కాబట్టి ఇంకొకడు కావాలె. నువ్వు బుగ్గారం ఐలయ్యవు. దుబాయ్ పోర్టుల ఓడల అడుగు గీకి తిరిగొచ్చినవ్. లోపల మన మనిషి ఉన్నది. తేజస్విని, కంపెనీ మేనేజర్. చేపలకు దాణా ఎప్పుడేస్తరని అడుగు. నీళ్ళు వెచ్చబడ్డంక అంటది."

*

తేజస్విని అదే జవాబు చెప్పింది. తెల్లటి లినెన్ షర్టు, నల్ల కళ్ళద్దాలు, మణికట్టుకు లావుపాటి డైవింగ్ వాచ్. జలాశయం ఒడ్డున ఎండలో నిలబడితే సెంటు వాసన చేపల వాసనను తోసేసి ముందుకొస్తోంది. విక్టర్ పడవ దగ్గర ఉన్నప్పుడు ఆమె మనోహర్ పక్కకు వచ్చి మెల్లగా అంది:

"ఒంటరిగా దిగకని మధుకు చెప్పిన. వినలే. ఆ రోజు సంది నిద్రలేదు నాకు."

కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తడిగా ఉన్నాయి.

విక్టర్ కొత్త డైవర్‌ను పరీక్షించాలన్నాడు. మనోహర్ దాదాపు ఖాళీ అయిన సిలిండర్‌ను అడిగి తీసుకుని, ఒడ్డు పక్కన నీళ్ళలో నిటారుగా నిలబడ్డాడు. ఊపిరి బిగబడితే నీళ్ళు సరిగ్గా కళ్ళ మట్టానికి రావాలి. వదిలితే మెల్లగా మునగాలి. ఒక్కో కిలో తీస్తూ, కలుపుతూ ఏడు దగ్గర ఆగాడు.

"ఏడు," అన్నాడు పైకి వచ్చి. "ఎక్కువైతే మనిషి బురదల కాళ్ళు కొట్టుకుంట పోతడు, గాలి జల్ది అయిపోతది. తక్కువైతే కింద నిలవడు."

తర్వాత తేజస్విని బెల్టు చూశాడు. పది కిలోలు.

"మేడం, గివి సముద్రపు లెక్కలు. ఉప్పునీళ్ళు మనిషిని ఎత్తుతయి, మంచినీళ్ళు గంత ఎత్తయి. మూడు తీసెయ్యుండ్రి."

"అండమాన్‌ల రెండు వందల డైవ్‌లు చేసిన ఐలయ్యా." ఆమె నవ్వింది. "నాకు నేర్పకు."

మనోహర్ చూపు స్టోర్‌రూమ్‌లో పేర్చిన సీసపు దిమ్మెల మీద పడింది. ప్రతి దిమ్మె మీదా అచ్చు పోసిన ఒకటే అక్షరం: ము.

*

మర్నాడు పొద్దున మనోహర్ చందుర్తి మీదుగా బండి మీద కోరుట్లకు వెళ్ళాడు. వలలకు సీసపు గుండ్లు ఎవరు పోస్తారని చేపల మార్కెట్లో ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఒకటే పేరు చెప్పారు.

ముత్యం రేకుల షెడ్డులో పాత టైర్ల బ్యాలెన్సింగ్‌కు వాడిన సీసం ముక్కలు మూకుట్లో కరిగిస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. రెండు చేతుల మీదా కాలిన మచ్చలు.

"ముత్యమన్నా, గుండ్లవాడ కంపెనీకి దిమ్మెలు నువ్వే పోసినవా?"

"నేనే తమ్మి. ఏంది, తక్కువ తూగినయా?"

"తక్కువేం లేదు. ఇంకేమన్న పోసినవా వాళ్ళకు?"

"రేకులు పోసిన. అరచెయ్యంత, పల్చగ. గా కళ్ళద్దాల మేడం అచ్చి అడిగింది. గుడ్డల కుట్టేటట్టు ఉండాలె, అంచులు గుచ్చుకోవద్దు అన్నది. పంజరాల వలలకట. వలకు రేకులెందుకు బిడ్డా అంటే నవ్వింది."

మనోహర్ మూకుట్లో కదులుతున్న సీసాన్ని చూస్తూ అడిగాడు. "ఎన్ని కిలోలు?"

"ఏడు. గది పోయిన నెల. మల్ల నిన్న ఫోన్ చేసింది. గసుంటియే ఇంకో ఏడు గావాలె, అర్జెంటు అన్నది. పొద్దుగాలే మనిషి అచ్చి తీసుకపోయిండు."

మధు జాకెట్ లైనింగ్‌లో ఏడు కిలోలు కుట్టారు. ఆరు విడిచినా ఏడు వదల్లేదు. ఆ పిల్లవాడు బకిల్ విప్పి, పైకి తేలతానని నమ్మి, ఎదురుచూసి ఉంటాడు. తేలనప్పుడు ఎందుకు తేలడం లేదో అర్థం కాక చచ్చి ఉంటాడు. ఇప్పుడు ఇంకో ఏడు కిలోలు తన కోసం.

"ఏమైంది తమ్మి, ముఖం గట్లయింది?"

"అన్నా, నాకొక పని చేసిపెడ్తవా? నీ దిమ్మెలు ఏడు కావాలె. గదే అచ్చు, గదే అక్షరం. కని సీసం వద్దు. కర్రతోని చెయ్యి."

"కర్రతోనా?" ముత్యం గరిటె దింపాడు. "సీసం గుండు కర్రతోని చేస్తే మునుగుతదా?"

"మునగద్దు."

ముత్యం పొయ్యి మంట తగ్గించాడు. బొమ్మలు చెక్కే పొనికి కర్ర తెప్పించి, సాయంత్రంలోగా ఏడు దిమ్మెలు చెక్కి, బూడిద రంగు పూసి ఇచ్చాడు. చేతిలో పట్టుకుంటే దూది పట్టుకున్నట్టుంది.

దారిలో ఆగి మనోహర్ ఊర్మిలకు ఫోన్ చేశాడు. "తోటమాలి తోటనే అమ్మింది. మధును చంపింది తేజస్వినే."

"ప్లాన్ మారది," అంది ఊర్మిల. ఫోన్ పెట్టేసింది.

*

శనివారం, పది గంటలు. బాంబు చేపల దాణా డబ్బాలో వచ్చింది. నీళ్ళ మీద దూరంగా నాలుగైదు థర్మోకోల్ తెప్పలు, వాటి మీద వలలు విసిరే మనుషులు. విక్టర్ పడవ నడిపాడు.

మనోహర్ కర్ర బెల్టును రెండు చేతులతో, మూలుగుతూ ఎత్తి నడుముకు బిగించాడు. తేజస్విని సిలిండర్ బిగించి ఉన్న జాకెట్‌ను స్వయంగా తెచ్చి తొడిగింది.

"నీ కోసం కొత్తది తెప్పించిన ఐలయ్యా."

"మీ దయ మేడం."

లైనింగ్‌లో ఏడు. బెల్టులో సున్నా. అతనికి కావలసింది ఏడు. చంపడానికి ఆమె కుట్టిన సీసం అతనికి తులాభారంలా సరిపోయింది. ఆమె లెక్కలో మాత్రం అతని ఒంటి మీద పద్నాలుగు కిలోలున్నాయి.

దిగారు. జాకెట్‌లో గాలి మొత్తం వదిలేసి, బరువైన మనిషిలా వేగంగా పడిపోయాడు మనోహర్. మునిగిన గుండ్లవాడ ఊరి ఇళ్ళ మొండిగోడలు ఆకుపచ్చ నీళ్ళలోంచి పైకి వచ్చాయి. వాటిని దాటాక, ఇరవై మీటర్ల లోతున గేటు. రెండంతస్తుల ఎత్తున్న ఇనుము.

జాకెట్‌లోకి కాస్త గాలి నింపి గేటు ముందు కదలకుండా నిలబడ్డాడు. కాళ్ళ ఫిన్లు కూడా ఆడించలేదు. కింద తేజస్విని అడుగుకు తగిలి, నిలవడానికి కాళ్ళు కొట్టుకుంటోంది. ఆ మూడు కిలోలు. ఆమె చుట్టూ బురద పొగలా లేస్తోంది.

అతను బాంబును అయస్కాంతాలతో గేటుకు అతికించాడు. ఆమె పైకి ఈదుకొచ్చి బటన్ నొక్కింది. ఎర్రటి అంకెలు వెలిగాయి. 30:00. ఆమె బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టింది. అంతా ఓకే.

అతను టైమర్ వైపు తిరగగానే వెనక నుంచి కత్తి జాకెట్ గాలిసంచిని నిలువునా చీల్చింది. గాలి బుడగలై పైకి లేచింది. రెండో చెయ్యి అతని నోట్లోని, గాలి అందించే రెగ్యులేటర్‌ను లాగేసింది. తర్వాత ఆమె వెనక్కి జరిగి చూస్తూ నిలబడింది. మధును కూడా ఇలాగే చూసి ఉంటుంది. తొందర లేదు, మిగతాది సీసం చేస్తుంది.

మనోహర్ బకిల్ విప్పాడు.

బెల్టు కిందికి పోలేదు. ఆమె ముఖం ముందు నుంచే, ఏడు దిమ్మెలతో, పాములా మెలికలు తిరుగుతూ పైకి పోయింది. ఆమె తలెత్తి దాన్నే చూసింది. మాస్కు వెనక కళ్ళు పెద్దవయ్యాయి.

ఆ ఒక్క క్షణం చాలు. కత్తి ఉన్న చేతిని పట్టి విరిచాడు. నీళ్ళలో ఆ చప్పుడు వినిపించదు, చేతికి తెలుస్తుంది. కత్తి లాక్కుని ఆమె గాలిసంచిని అదే తీరుగా కోశాడు. తన జాకెట్ బకిళ్ళు మూడూ విప్పి, సిలిండర్‌తో సహా ఒంటి నుంచి వదిలించుకుని, దాని పట్టీని ఆమె వీపు వెనక, చేతులు అందని చోట ఉన్న ఆమె జాకెట్ ఉక్కు కొక్కేనికి తగిలించి మర బిగించాడు.

పది ఆమెవి. ఏడు ఆమె కుట్టినవి.

తేజస్విని రాయిలా పడింది. ఆమె కూడా బెల్టు విప్పింది. బెల్టు పోయింది, ఆమె పైకి పోలేదు; వీపున ఏడు కిలోల సీసం, రెండు సిలిండర్లు లాగి ఉంచాయి. బురద లేచి ఆమెను మింగింది. నిదానంగా ఆలోచిస్తే ఆమె తన జాకెట్ విప్పుకుని బయటపడగలదు. కళ్ళు కనపడని బురదలో, చెయ్యి విరిగిన మనిషి నిదానంగా ఆలోచించదు. ఆ సంగతి మనోహర్‌కు తెలుసు. తెలిసే తగిలించాడు.

పిక్కకు కట్టుకున్న చిన్న ఎమర్జెన్సీ గాలి సీసా నోట్లో పెట్టుకున్నాడు. ఈ లోతులో పది ఊపిరులు. మొదటిది పీల్చి టైమర్ చూశాడు.

27:40.

అంకెలు చెదిరి మారాయి. 01:30.

ఎందుకో అర్థమైంది. బెల్టు పైకి తేలింది. సీసం తేలదని తెలిసిన విక్టర్ మోసం పసిగట్టి, నీళ్ళలోకి శబ్దం పంపే రిమోట్ నొక్కాడు. తన తెలివే తన మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు ఒంటి మీద గ్రాము సీసం లేదు. సూట్ అతన్ని పైకి గుంజుతోంది. కాళ్ళు తలకిందులుగా లేస్తున్నాయి. గేటు కడ్డీకి మోచెయ్యి మెలేసి, ఒక్క చేత్తో డిటొనేటర్ మూత తిప్పాడు. కదల్లేదు. మూడో ఊపిరి. 00:58. గోడ అవతల రెండు వందల పద్నాలుగు మంది చాయ్ తాగుతూ ఉంటారు. ఐదో ఊపిరి. ఎడమ మర, అంటే మామూలుకు తిరగేసి తిప్పాలి. ఇటువంటివి నేవీలో చూశాడు. అటు తిప్పాడు. వేళ్ళ చర్మం లేచిపోయింది. మూత కదిలింది. 00:21. ఎనిమిదో ఊపిరి. మూత ఊడి జారిపోయింది. లోపలి వెండి గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగాడు. జిగురుతో అతికించారు. కత్తి మొన దూర్చి పెకలించాడు.

00:02.

గొట్టాన్ని దూరంగా విసిరి ముఖం తిప్పుకున్నాడు. టపాకాయంత పేలుడు. చెవిలో సూది గుచ్చినట్టయింది. గేటు కదల్లేదు. బాంబు అతికించినచోటే మూగగా ఉండిపోయింది.

కడ్డీ వదిలాడు. నీళ్ళు అతన్ని ఎత్తుకుపోయాయి. దారంతా ఊపిరి వదులుతూ వెలుగులోకి వచ్చాడు.

*

పడవలో విక్టర్ బోర్లా పడి ఉన్నాడు. అతని కుడిచేతి వేళ్ళు ఉండాల్సిన దిక్కులో లేవు. వలలు విసిరిన మనుషుల్లో ఇద్దరు అతని మీద కూర్చున్నారు. చేపలు కొనే ఆడమనిషి వేషంలో, కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఊర్మిల పడవ అంచున ఉంది.

"అయిందా?"

"అయింది." మనోహర్ చెవిలోంచి రక్తం కారుతోంది. "తేజస్విని కింద ఉన్నది. పానంతోనే ఉన్నది."

పడవకు పది గజాల దూరంలో నీళ్ళ మీద బుడగలు గుత్తులు గుత్తులుగా పగులుతున్నాయి. అందరూ అటే చూశారు.

"గాలి మస్తు గుంజుతున్నది. ఇంకో పది నిమిషాలు వస్తది గంతే. గా స్పేర్ సిలిండర్ ఇటియ్యుండ్రి మేడం, దిగి తెస్త."

"అవి ముట్టకు," అంది ఊర్మిల. "ఎవిడెన్స్. ఫింగర్‌ప్రింట్స్ తీసేదాక ఎవ్వరు ముట్టద్దు."

అతను ఆమెను చూశాడు. ఆమె వాచీ చూసుకుంటోంది.

"ఆమెతోని మాట్లాడిపియ్యచ్చు. కోర్టుల నిలబెట్టచ్చు."

"ఆమె మాట్లాడితే ఢిల్లీల ఎవరెవరి పేర్లు బయటికస్తయో నీకు తెల్వది. నాకు తెలుసు."

బుడగలు ఇంకా వస్తున్నాయి. మనోహర్ నోట్లో బురద రుచి.

"ఆమె అమ్ముడుపోయిందని ఎప్పటిసంది తెలుసు మీకు?"

"ఫిబ్రవరి."

"మధు దిగింది ఏప్రిల్‌ల."

"అవును."

"వానికి ఎందుకు చెప్పలె?"

"చెప్తే వాని ముఖంల కనిపించేది. విక్టర్ పారిపోయేటోడు." ఆమె కొంగు సర్దుకుంది. "నీకూ చెప్పలె. నువ్వు కనుక్కున్నవ్."

"కనుక్కోకపోతే?"

"ఇంకో డైవర్ రాత్రే విశాఖ నుంచి బయలుదేరిండు. సిరిసిల్ల లాడ్జిల ఉన్నడు."

మనోహర్ స్పేర్ సిలిండర్ వైపు చూశాడు. రెండడుగుల దూరం. చెయ్యి చాస్తే అందుతుంది. ఆమె తుపాకీ తీయదు, ఆ మనుషులు ఆపరు. మధు చూస్తూ చూస్తూ మునిగిపోయినప్పుడు తేజస్విని నీళ్ళలో ఎలా నిలబడి ఉంటుందో తలచుకున్నాడు. ఆ తలపును గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి చాచలేదు.

గుత్తులు పలచబడ్డాయి. ఒక్కొక్కటిగా వచ్చాయి. తర్వాత నీళ్ళు చదునుగా అయ్యాయి. ఊర్మిల వాచీ మీద నుంచి కళ్ళెత్తి, టైమ్ రాసుకోమని పక్కవాడికి చెప్పింది.

పదకొండు గంటలకు గట్టు కింద మోటార్లు మొదలయ్యాయి. పడవ అడుగు సన్నగా వణికింది.

మరుసటి రోజు పేపర్లో జిల్లా పేజీ నిండా పంప్‌హౌస్ ఫోటోలే. ట్రయల్ రన్ చిన్న చప్పుడు కూడా లేకుండా సాగిందని, నీళ్ళ కింద పనులు ఎంత పకడ్బందీగా జరిగాయో దీన్నిబట్టే తెలుస్తుందని ఇంజనీర్లు గర్వంగా చెప్పారు.